గినీ పిగ్‌కి ఏ గడ్డి, ఏ ఆకు, ఏ దాణా: మన దగ్గర దొరికేవాటిలో ఏది ఎంచుకోవాలి

పెట్ షాపులో గినీ పిగ్‌తో పాటు చేతికిచ్చేది మామూలుగా ఒక రంగురంగుల దాణా ప్యాకెట్. గడ్డి సంగతి అడిగితే "అదీ తింటుంది లెండి" అని వదిలేస్తారు. ఈ లెక్కను తలకిందులు చేయాలి. కిలో బరువున్న పెద్ద గినీ పిగ్ మేతలో ముప్పాతిక వంతుకు పైగా గడ్డే ఉండాలి. దాని పక్కన రోజుకో కప్పు ఆకుకూరలు, కూరగాయలు. దాణా రెండు టేబుల్ స్పూన్లు, అంటే పదిహేను ఇరవై గ్రాములు, అదీ మంచిది దొరికితేనే. నెలకు ఇంత ఖర్చు పెట్టగలం అనుకున్నాక ముందు గడ్డి కొనండి, తర్వాత విటమిన్ సి కోసం క్యాప్సికం కొనండి, ఇంకా మిగిలితే ప్యాకెట్ జోలికి వెళ్లండి.

గడ్డికి ఇంత పట్టు ఎందుకంటే, దాని నోట్లో ఉన్న 20 పళ్లూ బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. ముందు కొరుకుడు పళ్లు మన కళ్లకు కనిపిస్తాయి కాబట్టి చెక్కముక్క పడేస్తే అరిగిపోతాయిలే అనుకుంటాం. అసలు చిక్కు తెచ్చేవి వెనక దవడ పళ్లు. దాణా గుళిక రెండు నములుళ్లకే పొడైపోతుంది. గడ్డిపోచను మాత్రం చాలాసేపు నూరాలి, ఆ నూరుడులోనే దవడ పళ్లు అరుగుతాయి. అరగకపోతే కింది దవడ పళ్లు లోపలికి వాలి నాలుక మీద వంతెనలా కమ్ముకుంటాయి. అప్పుడు ఆకలి ఉంటుంది, గిన్నె దగ్గరికి వస్తుంది, ముక్క నోట్లో పెట్టుకుని మళ్లీ వదిలేస్తుంది.

రెండోది పేగు. గడ్డి పీచు పేగులోని పెద్ద సంచిలో పులుస్తూ ఉంటేనే లోపలి కదలిక సాగుతుంది. పీచు తగ్గితే కదలిక మందగిస్తుంది, కడుపు గాలితో బిగుసుకుంటుంది. పన్నెండు గంటలుగా ఏమీ ముట్టని గినీ పిగ్ విషయంలో "రేపు చూద్దాం" అనే మాట పనికిరాదు. ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

గడ్డిలో ఏది?

తిమోతి గడ్డి పేరు అందరూ చెబుతారు. చల్లని దేశాల గడ్డి ఇది, మన షాపుల్లో దొరికేది దాదాపు దిగుమతి సరుకే. మాంసకృత్తులు నూటికి 8–10 పాళ్లు, కాల్షియం అర శాతం అటూ ఇటూ, పీచు దండిగా. పెద్ద గినీ పిగ్‌కి అతికినట్టు సరిపోతుంది. చిక్కల్లా ధర, ఆ ధర పెట్టినా చేతికొచ్చే సరుకు. ప్యాకెట్ విప్పగానే పచ్చదనం కనిపించాలి, ఎండబెట్టిన తియ్యటి వాసన రావాలి, కాడలు జానెడు పొడవైనా ఉండాలి. అడుగున గోధుమరంగు పొడి గుప్పెళ్లకొద్దీ రాలుతుంటే అది పాత సరుకు. ఆ పొడి తినరు, పైగా అది ముక్కుల్లోకి పోయి తుమ్ములు మొదలవుతాయి. ముక్కినట్టు, మట్టి తడిసినట్టు వాసన వస్తే బూజు పట్టినట్టే. ఎండలో వేసి వాడేద్దాం అనుకోవద్దు, ఎండకు బూజు ఆరుతుంది గానీ అది వదిలిన విషం పోదు.

ప్యాకెట్ మీద ఫస్ట్ కట్, సెకండ్ కట్ అని ఉంటుంది. మొదటి కోతలో కాడ ఎక్కువ, పీచు ఎక్కువ. లావెక్కిన జంతువుకు అది మంచిది. రెండో కోతలో ఆకు ఎక్కువ, ఇష్టంగా తింటాయి, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాటికి రోజూ ఇదే చాలు. మూడో కోత మెత్తగా దూదిలా ఉంటుంది, దాన్ని చిరుతిండిగానే చూడాలి.

ఓట్స్ గడ్డి తిమోతికి దగ్గరి బంధువులాంటిది. ఉత్తర భారతంలో రబీలో పశుగ్రాసంగా పండిస్తారు కాబట్టి సముద్రం దాటి రావలసిన పని లేదు. కాల్షియం తక్కువే. గింజ పాలుపోసుకోకముందే కోసిన గడ్డి అయితే నిశ్చింతగా పెట్టొచ్చు. ముదిరిన గింజలతో కంకులుంటే వాటినే ఏరుకు తిని కాడలు వదిలేస్తాయి. అలాంటప్పుడు కంకులు తుంచి వారానికి రెండుసార్లు కొసరులా ఇవ్వండి.

లూసర్న్, అంటే అల్ఫాల్ఫా, దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. ఆకుపచ్చగా ఉంటుంది, ఎగబడి తింటాయి, మన పాడి రైతులకు బాగా తెలిసిన మేత. కానీ మాంసకృత్తులు నూటికి 15–20, కాల్షియం ఒకటింపావు శాతం, అంతకంటే ఎక్కువ కూడా. ఎక్కువైన కాల్షియాన్ని గినీ పిగ్ మూత్రంలోంచే బయటకు పంపుతుంది, అక్కడే అది సున్నపు మడ్డిలా పేరుకుంటుంది. పెరూలో అల్ఫాల్ఫా వేసే పెంచుతారు కదా అని వాదిస్తారు. అక్కడ వాటిని మాంసం కోసం పెంచుతారు, కొన్ని నెలల్లో అవి వంటింటికి చేరతాయి. మన ఇంట్లోది ఐదారేళ్లు, కొన్నైతే ఎనిమిదేళ్లు బతకాలి. ఆరు నెలల లోపు పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి, పాలిస్తున్నవాటికి లూసర్న్ పెట్టండి. ఆ తర్వాత మానెయ్యండి.

ఇక మన ఊళ్లలో దొరికే గడ్డి. గినీ పిగ్ పందీ కాదు, గినియాదీ కాదు, దక్షిణ అమెరికా ఆండీస్ కొండలది. గినీ గడ్డి మాత్రం నిజంగానే ఆఫ్రికాది. పేర్లు అలా కలిశాయి గానీ జోడీ బాగానే కుదిరింది. కామెరూన్ లాంటి దేశాల్లో గినీ పిగ్‌లకు వేసే మేతల్లో ఇదొకటి. నీడకు తట్టుకుంటుంది కాబట్టి కొబ్బరి తోటల్లో అంతరపంటగానూ వేస్తారు. ఆకు మెత్తగా, కాడ సన్నగా ఉంటుంది. పూత రాకముందు కోసినది అయితే పచ్చిదీ పెట్టొచ్చు, ఎండబెట్టీ పెట్టొచ్చు. తిమోతికి మన దగ్గర సిసలైన బదులు ఇదే అని మా అభిప్రాయం. నలభై రోజుల లోపు కోతది అడిగి తీసుకోండి. ముదిరితే కాడ కర్రై, మాంసకృత్తులు పడిపోతాయి.

సూపర్ నేపియర్, కో-4 గడ్డి రకాలు పాడి ఉన్న ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి. వాటిలో ఆక్సలేట్లు (కాల్షియంతో కలిసి మూత్రంలో రాళ్లు కట్టించే పదార్థాలు) ఎక్కువ, ఆకు అంచు గరుకు, కాడ చెరుకు ముక్కలా గట్టిది. గినీ గడ్డి దొరకని రోజున లేత ఆకు వరకు తుంచి పెట్టొచ్చు. రోజువారీ మేతగా మేము చెప్పం.

గరిక మంచిది, చాలా మంచిది. అమెరికాలో ఇదే జాతిని బెర్ముడా గడ్డి పేరుతో ఎండబెట్టి అమ్ముతారు. కష్టం ఎక్కడంటే, ఇద్దరికి, అంటే రెండు గినీ పిగ్‌లకు, సరిపడా రోజూ ఎవరు పీకుతారు? పార్కులో పీకితే కుక్కల మూత్రం, కలుపుమందు భయం. వినాయక చవితికి మార్కెట్లో కట్టలు దొరుకుతాయి గానీ అది ఒక వారం ముచ్చట. పెరట్లో ఉంటే వేళ్లతో సహా పీక్కుండా కత్తెరతో కోసి పెట్టండి, మట్టి రాదు, మళ్లీ చిగురిస్తుంది.

పారా గడ్డి గురించి హైదరాబాద్ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. నగరం దిగువన మూసీ మురుగునీటితో ఎకరాలకొద్దీ పారా గడ్డి పెంచి డెయిరీలకు అమ్ముతారు. గుళ్ల దగ్గర, గోశాలల బయట ఆవులకు పెట్టమని అమ్మే పచ్చిగడ్డి మోపుల్లోనూ అది ఉండొచ్చు. నాలుగు వందల కిలోల ఆవు తట్టుకున్నది కిలో జంతువు తట్టుకోవాలని లేదు. ఎక్కడ పెరిగిందో చెప్పలేని మోపు కొనకండి.

జొన్న చొప్ప పచ్చిది వద్దు. లేత జొన్న, నీళ్లందక గిడసబారిన జొన్న, కోశాక తిరిగి చిగిర్చిన పిలక తిని పశువుకు నాము తగలడం రైతులందరికీ తెలుసు. అందులో పుట్టే సైనైడ్ విషం గినీ పిగ్‌నీ వదలదు. వరిగడ్డికి ఆ భయం లేదు, కానీ అందులో ఇసుకలాంటి సిలికా ఎక్కువ, మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. కడుపు నిండుతుంది, ఒంటికి పట్టదు. పడకగా పరవండి, దానిలో కొంత కొరికినా నష్టం లేదు.

వానాకాలంలో రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే బండ్ల దగ్గర ఆకుపచ్చ పొట్టు కుప్పలుగా పడేస్తారు. ఇది గినీ పిగ్‌కి పండగ. పీచు ఉంది, కాల్షియం తక్కువ. ఆ రోజు ఒలిచినదే తీసుకోండి, కుప్ప అడుగున చెమ్మగిల్లి వేడెక్కినది వద్దు. పైపొర రెండు ఆకులు తీసేసి, కడిగి, ఒక్కోదానికి రెండు మూడు ఆకులు ఇవ్వండి. పట్టులాంటి పీచూ తినొచ్చు. గింజలు మాత్రం పెట్టకండి, అది పిండి సరుకు.

ఎంత కావాలి, ఎలా ఎండబెట్టాలి

కిలో జంతువు రోజుకు 50 గ్రాముల ఎండుగడ్డి తింటుందని లెక్కేసుకోండి. తొక్కి, తడిపి పాడుచేసేది పావు వంతు ఉంటుంది. ఇద్దరికి నెలకు నాలుగు కిలోలు. ఈ లెక్క తెలిస్తే అరకిలో ప్యాకెట్లు కొనడం ఎంత నష్టమో అర్థమవుతుంది. పెద్ద సంచి తెప్పించుకుని ఇద్దరు ముగ్గురు పెంపకందార్లు పంచుకోవడం మేలు.

పచ్చి గినీ గడ్డిలో ఐదింట నాలుగు వంతులు నీళ్లే. పది కిలోలు కోస్తే రెండు, రెండున్నర కిలోల ఎండుగడ్డి వస్తుంది. కోసిన రోజే డాబా మీద గోనెపట్టా పరిచి, అరచేతి మందానికి మించకుండా పలచగా వెయ్యండి. మొదటి రోజు మధ్యాహ్నం, సాయంత్రం తిరగేయండి. రెండో రోజు నుంచి గాలి తగిలే నీడకు మార్చండి, ఎండలోనే వదిలేస్తే పచ్చదనం పోతుంది. మూడో రోజు ఒక కాడను మధ్యకు విరిచి చూడండి. టప్పున విరిగితే అయింది. వంగి, విరిచినచోట వేలికి చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు, అది సంచిలో పెడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఆరాక గుడ్డసంచిలోనో గోనెసంచిలోనో, నేల తగలకుండా పెట్టండి. ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించి పెట్టేవాళ్లకే వానాకాలంలో ఎక్కువ గడ్డి పాడవుతుంది.

పచ్చిదే పెట్టాలనుకుంటే ఇద్దరికి రోజూ అరకిలో కావాలి. అప్పటిదాకా ఎండుగడ్డి మీద ఉన్నవాటికి ఒకేసారి పచ్చిది వేస్తే విరేచనాలు పట్టుకుంటాయి. మొదటి రోజు గుప్పెడు, ఆపై పది రోజుల్లో మెల్లగా పెంచండి. గ్రాస్ కట్టర్‌తో కోసిన పార్కు గడ్డి ఎప్పుడూ వద్దు, నలిగిన గడ్డి గంటల్లోనే పులియడం మొదలవుతుంది. మోపులో వయ్యారిభామ, గన్నేరు ఆకు, జిల్లేడు లాంటివి కలిశాయేమో విప్పి చూశాకే వెయ్యండి.

విటమిన్ సి ఎక్కడినుంచి

1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు పరిశోధకులు గినీ పిగ్‌లకు ధాన్యం మాత్రమే పెట్టి చూశారు. వాళ్లు వెతుకుతున్నది బెరిబెరి లాంటి జబ్బు గురించి. జంతువులకు వచ్చింది స్కర్వీ, అంటే విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు. మనుషుల్లాగే గినీ పిగ్‌ల ఒంట్లో విటమిన్ సి తయారు కాదని తేలడానికి దారి వేసింది అదే. ఇవాళ శనగలు, సజ్జలు, రంగు గుళికల మీద పెంచేవాళ్లు తెలియకుండా ఆ ప్రయోగాన్నే ఇంట్లో మళ్లీ చేస్తున్నారు.

పెద్దదానికి కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. 20–25 అనుకుని నడిస్తే సరిపోతుంది. చూలుతో ఉంటే 30కి తగ్గకూడదు. అందకపోతే రెండు మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది. వెంట్రుకలు గరుకెక్కుతాయి, గెంతడం మానేస్తుంది, ఎత్తుకుంటే కీచుమంటుంది. మోకాళ్లు వాస్తాయి, చిగుళ్లలోంచి రక్తం వస్తుంది.

క్యాప్సికం అన్నిటికంటే తేలిక. పచ్చ క్యాప్సికంలో వంద గ్రాములకు 80 మిల్లీగ్రాములు, ఎర్రదానిలో 120కి పైన. అంటే చిన్న పచ్చ క్యాప్సికంలో పావు ముక్క, పాతిక గ్రాములు, ఒకదానికి ఒక రోజుకు చాలు. ఎర్రది ఖరీదు, తీపి కూడా ఎక్కువ. పచ్చది రోజూ, ఎర్రది దొరికినప్పుడు. తొడిమ తీసేసి కండ మాత్రమే ఇవ్వండి. కోసి ఫ్రిజ్‌లో మూడు రోజులు పెట్టిన ముక్క కంటే, అప్పటికప్పుడు కాయ నుంచి కోసిన ముక్కే నయం.

జామకాయ విటమిన్ సి లెక్కలో క్యాప్సికాన్ని దాటిపోతుంది, వంద గ్రాములకు 200 పైనే. పది గ్రాముల ముక్క సరిపోతుంది, కానీ తీపి ఉంది. వారానికి రెండు రోజులు, గింజల భాగం తీసేసి, పచ్చిగా ఉన్న కాయలోంచి అంత ముక్క. పెద్ద ఉసిరికాయలో ఇంకా ఎక్కువ ఉన్నా పులుపుకు చాలా గినీ పిగ్‌లు మొహం తిప్పుకుంటాయి. తింటే మంచిదే, సన్నని చెక్క ఒకటి చాలు. కమలాపండు మీద మనకు నమ్మకం ఎక్కువ గానీ వంద గ్రాములకు 50 చిల్లరే ఉంటుంది. తీపి, పులుపు కలిసి పెదవుల మూలల్లో పుండ్లు పడే జంతువులున్నాయి. క్యాప్సికం దొరికినచోట కమలాతో పని లేదు.

మందుల షాపులో దొరికే డ్రాప్స్ మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల బలం అయితే, సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజితో 0.2 మిల్లీలీటర్లు నోటి పక్కనుంచి వేస్తే 20 మిల్లీగ్రాములు అందుతుంది. జబ్బు పడి తినని రోజుల్లో ఇదే దారి. సీసా మీద ఒక్క విటమిన్ సి మాత్రమే ఉండాలి. మల్టీ విటమిన్ డ్రాప్స్ వద్దు, వాటిలోని ఎ, డి ఒంట్లో పేరుకుంటాయి, డి ఎక్కువైతే కాల్షియం బెడద రెట్టింపు. ఆరెంజ్ రుచి 500 మిల్లీగ్రాముల చప్పరింత మాత్రలో ఇరవయ్యో వంతు కోయడం ఎవరి వల్లా సరిగ్గా కాదు, పైగా అందులో చక్కెర.

నీళ్ల సీసాలో చుక్కలు వేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. వెలుతురుకు, లోహపు గొట్టానికి విటమిన్ సి గంటల్లో పాడవుతుంది. ఎంత తాగిందో తెలియదు. రుచి మారితే నీళ్లే తాగడం తగ్గిస్తుంది, అది రాళ్లకు దారి. కిలో జంతువు రోజుకు 100 మిల్లీలీటర్ల దాకా తాగాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. బోరు నీళ్లు కుళాయికి తెల్లగా చారలు కట్టేంత గట్టివైతే మీరు తాగే నీళ్లే వాటికీ పొయ్యండి.

రైతుబజార్లో ఏ కట్ట ఎత్తాలి

మన ఆకుకూరల్లో మనకు మంచివన్నీ దానికి మంచివి కావు. ఇక్కడ చూడాల్సింది రెండే: కాల్షియం, ఆక్సలేట్లు. మునగాకు, కరివేపాకు కాల్షియానికి పేరుపడ్డవి. రక్తహీనత ఉన్న మనిషికి మేలు చేసిన మునగాకు గినీ పిగ్‌కి రోజూ పెడితే మూత్రంలో మడ్డి దిగుతుంది. వారానికి ఒక రెమ్మ, అంతే. పాలకూర, తోటకూర, బచ్చలి, గోంగూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు. గోంగూర, చుక్కకూర అసలే వద్దు. తోటకూర, పాలకూర పది రోజులకు ఒకసారి మూడు నాలుగు ఆకులు పెట్టినా పరవాలేదు, మానేసినా నష్టం లేదు. మెంతికూర వారానికి రెండుసార్లు, గుప్పెట్లో సగం.

రోజూ నిశ్చింతగా పెట్టదగ్గది కొత్తిమీర. కాడలతో సహా ఎనిమిది పది రెమ్మలు. పుదీనా రెండు రోజులకోసారి నాలుగు రెమ్మలు. రొమేన్ లెట్యూస్ నగరాల్లో దొరుకుతుంది, ఒక ఆకు. ఐస్‌బర్గ్ లెట్యూస్ నీళ్ల మూట, దానికి డబ్బు దండగ. కీరదోస రెండు చక్రాలు మేలో, జూన్‌లో చల్లదనానికి బాగుంటాయి గానీ బలం ఏమీ లేదు. క్యారెట్ తీపి సరుకు, వారానికి రెండుసార్లు రెండు చక్రాలు. దాని ఆకులో కాల్షియం ఎక్కువ, కొసరులా ఒక రెమ్మ. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకు కడుపుబ్బరం తెస్తాయి. కొన్ని తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. ముందు బొటనవేలంత ముక్కతో మొదలుపెట్టి ఒక రోజు ఆగి చూడండి.

కట్టను విప్పి, మూడు నీళ్లలో కడిగి, నీళ్లు కారిపోయాక పెట్టండి. మార్కెట్లో మధ్యలో వడిలి జిగురెక్కిన ఆకు ఒకటుంటే కట్టంతా చూడాలి. రెండు గంటల తర్వాత తినక మిగిలినది తీసేయాలి, వేసవిలో గంటకే. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప తొక్కలు, మొలకలు, టమాటా ఆకు, తొడిమ, అవకాడో, చాక్లెట్ దరిదాపుల్లోకి రానివ్వద్దు. అన్నం, చపాతీ, బిస్కెట్, పెరుగుచుక్కల పేరుతో అమ్మే తీపి బిళ్లలు కూడా. ఈ అన్నం, బిస్కెట్ లాంటివి వెంటనే చంపవు గానీ పేగులోని మంచి సూక్ష్మజీవుల్ని తారుమారు చేస్తాయి.

నానబెట్టిన శనగల సంగతి. మొలకెత్తిన శనగలో కొంత విటమిన్ సి పుట్టే మాట నిజం. కానీ దాని వెంట పిండి, మాంసకృత్తులు ఎక్కువగా వస్తాయి, గ్యాస్ వస్తుంది. చూలుతో ఉన్నదానికి నాలుగైదు మొలకలు ఇస్తే ఇవ్వండి. మిగతావాటికి అవసరం లేదు.

దాణా ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి

ముందు వైపు బొమ్మ ఏ జంతువుదైనా కావచ్చు, వెనక మొదటి పదార్థం పేరు గడ్డి అయ్యుండాలి. మొక్కజొన్న, గోధుమ, సోయా మొదట ఉంటే అది లావెక్కించే దాణా. పీచు నూటికి 18కి తగ్గకూడదు, 20 దాటితే ఇంకా మంచిది. మాంసకృత్తులు 14–18. కాల్షియం 0.8 లోపు. విటమిన్ సి కలిపినట్టు మిల్లీగ్రాముల్లో రాసి ఉండాలి. తయారీ తేదీ మూడు నెలల లోపుది వెతకండి. మామూలు విటమిన్ సి అయితే అప్పటికే చాలా భాగం పోతుంది. చెడిపోకుండా మార్చిన రూపం కలిపి ఉంటే ఆరు నెలల దాకా నమ్మొచ్చు. ఏదైనా క్యాప్సికం మానేయడానికి ఇది కారణం కాదు.

ఎర్ర, పచ్చ, పసుపు ముక్కలు, పొద్దుతిరుగుడు గింజలు, ఎండు పండ్లు కలిసిన మిశ్రమాలలో గినీ పిగ్ తీపి ముక్కలు ఏరుకుని గుళికలు వదిలేస్తుంది. గిన్నె సగం ఖాళీ అయింది కదా అని మళ్లీ నింపుతాం, మళ్లీ అదే ఏరుడు. ఒకే రంగు, ఒకే ఆకారం గుళికలే కొనండి. కుందేలు దాణాలో మామూలుగా విటమిన్ సి కలపరు. మంచి కుందేలు గుళిక ఇచ్చి సి విడిగా ఇవ్వడం దొరకని చోట సర్దుబాటుగా పనికొస్తుంది. కోళ్ల దాణా మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు కోళ్లకు రాకుండా అందులో కలిపే కొన్ని మందులు గినీ పిగ్‌కి విషం.

మంచి గుళికలు దొరకలేదా? మంచి గడ్డి, రోజూ క్యాప్సికం, మూడు నాలుగు రకాల ఆకులు ఉంటే ఆరోగ్యంగా ఉన్న పెద్ద గినీ పిగ్ గుళికలు లేకుండా నడుస్తుంది. చెడ్డ ప్యాకెట్ కంటే ప్యాకెట్ లేకపోవడం మేలు.

మీ ఇంటికి ఏది కుదురుతుంది

అపార్ట్‌మెంట్‌లో ఉండి, పొద్దున వెళ్లి రాత్రి వచ్చేవాళ్లకు తిమోతి లేదా ఓట్స్ గడ్డి పెద్ద సంచి, ఉదయం కొత్తిమీర, రాత్రి క్యాప్సికం. ఇందులో గడ్డి ఎప్పుడూ ఖాళీ కాకూడదు. పచ్చిగడ్డి ఎండబెట్టే స్థలం, తీరిక లేనివాళ్లు దాని జోలికి వెళితే బూజు గడ్డే పెడతారు.

పెరడో పొలమో ఉన్నవాళ్లు గినీ గడ్డి పిలకలు తెచ్చి నాటుకోవచ్చు. రెండు, రెండున్నర నెలలకు మొదటి కోత, ఆపై నెల, నెలన్నరకోసారి. ఇద్దరికి పూర్తి మేతకు, నీళ్లుండి బాగా పెరిగే చోట అర సెంటు నుంచి సెంటు నేల పడుతుంది. డాబా మీద ఆరు కుండీలు పెట్టి సరిపెట్టొచ్చు అనుకోవద్దు, అవి కొసరుకే. వానాకాలం నాలుగు నెలలకు మాత్రం కొన్న ఎండుగడ్డి ఒక సంచి నిల్వ ఉంచుకోండి, ముసురు పట్టినప్పుడు ఏదీ ఆరదు.

అమెరికాలో, కెనడాలో ఉన్న తెలుగు ఇళ్లకు గడ్డి తిప్పలు లేవు, తిమోతి, ఆర్చర్డ్ గడ్డి రెండూ దొరుకుతాయి. తిమోతికి తుమ్ములు వచ్చే పిల్లలున్న ఇంట్లో ఆర్చర్డ్ గడ్డి పెట్టి చూడొచ్చు. అక్కడ జరిగేది వేరే పొరపాటు: వంటకు తెచ్చిన మెంతికూర, పాలకూర కట్ట మిగిలిందని మొత్తం దాని ముందు పెట్టడం.

ఏది ఎంచుకున్నా పాతదాని నుంచి కొత్తదానికి పది రోజులు తీసుకోండి. మొదటి మూడు రోజులు పావు వంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు. చిన్నప్పుడు రుచి చూడని మేతను పెద్దయ్యాక అనుమానంగా చూసే జాతి ఇది. నచ్చనిది పెడితే ఆకలితో కూర్చుంటుంది తప్ప దిగిరాదు. "ఆకలైతే అదే తింటుంది" అనే పద్ధతి ఇక్కడ పేగు స్తంభించడంతో ముగుస్తుంది.

వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే వేళకు వంటింటి త్రాసు మీద డబ్బాలో కూర్చోబెట్టి తూచి రాసుకోండి. 30 గ్రాములు అటూ ఇటూ మామూలే. 50 తగ్గితే గడ్డి తింటోందో లేదో కూర్చుని చూడండి, 100 తగ్గితే డాక్టర్ దగ్గరికే. పెంటికలు నిండుగా, చిన్న వేరుశనగ పలుకంత, కాస్త తేమగా ఉండాలి. చిన్నవై ఎండిపోతే పీచు గానీ నీళ్లు గానీ తగ్గాయి. పరిచిన గుడ్డ మీద ఆరిన మూత్రపు మచ్చ పలచగా తెల్లబడితే కంగారు లేదు. వేలితో రుద్దినప్పుడు ముగ్గుపిండిలా గరుగ్గా తగిలితే మాత్రం ఆ వారం కొన్న కట్టల్లో ఏది ఎక్కువైందో గుర్తు తెచ్చుకోండి. గరుకుతో పాటు మూత్రం పోసేటప్పుడు మూలిగినా, ఎర్రటి చార కనిపించినా మేత మార్చి చూసే సమయం దాటింది, ఎక్స్‌రే తీయించాలి.